తిరగేసిన బొమ్మ

ఆ ఆదివారం ఉదయం సీటీ స్కానింగు మిషను ఇంకా వేడెక్కుతూనే ఉంది. యాస్మిన్ రేపల్లె ప్యాసింజరు దిగి, తెనాలి స్టేషను బయట ఇడ్లీ పొట్లం కట్టించుకుని వచ్చి, దాన్ని విప్పకుండానే ముందు మిషను మీట నొక్కింది. లోపలి గొట్టం తగినంత వేడెక్కితే తప్ప బొమ్మ సరిగ్గా పడదు. తెర మీద అంకెలు ఒక్కొక్కటే ఎక్కుతుంటే ఆమె చేతులు కడుక్కుని వచ్చి పొట్లం ముడి విప్పబోయింది. అప్పుడే గోడకున్న ఫోను మోగింది.

"యాస్మిన్, వచ్చేశావా? బతికించావు," అంది పై అంతస్తు నుంచి డాక్టర్ మంగతాయారు. ఆ నర్సింగ్ హోములో ఆపరేషన్లన్నీ ఆవిడవే. "పదకొండేళ్ల పాప. కడుపు నొప్పి, జ్వరం, వాంతులు. రక్తంలో తెల్లకణాలు బాగా పెరిగాయి. పొట్ట స్కానింగు తియ్యాలి. పంపిస్తున్నాను."

"ముందు అల్ట్రాసౌండు చూడలేదా మేడమ్?"

"పిల్లలకి ముందు అదే చెయ్యాలని నాకు మాత్రం తెలీదా తల్లీ? అది చూసే ఆయన చీరాలలో పెళ్లికి పోయాడు, రేపు గానీ రాడు. ఈ పిల్ల రేపటిదాకా ఆగేలా లేదు."

యాస్మిన్ పొట్లం మళ్లీ ముడేసి సొరుగులో పెట్టింది.

ముత్తయ్య చక్రాల బల్లను నెమ్మదిగానే తోసుకొస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ ఆస్పత్రిలో రోగుల్ని అటూ ఇటూ చేర్చడమే అతని పని. ఎంత మెల్లగా తోసినా నేల మీద పలకల అతుకు దగ్గర చక్రం ఎగిరినప్పుడల్లా పిల్ల "అమ్మా" అంటోంది. ఆ మూలుగు విన్న యాస్మిన్ గబగబా ఎదురెళ్లి బల్ల రెండో చివర పట్టుకుని, అతుకు దగ్గర కాస్త పైకెత్తింది. పిల్ల మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకుని ఉంది. రెండు చేతులూ పొట్టకు ఎడమవైపు కింద నొక్కి పెట్టుకుంది. వెనకాలే తండ్రి, పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని.

"పాప పేరేంటన్నయ్యా?"

"తనూజమ్మా. నా పేరు అంద్రెయ. మాది చెరుకుపల్లి. పిల్ల బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటంది."

"నొప్పి ఎప్పటినుంచి?"

"శుక్కురారం సాయంత్రం నుంచంట. రేపు లెక్కల పరీక్ష ఉందని నాటకం ఆడతందనుకున్నారంట అక్కడ."

"నేనేం నాటకం ఆడలేదు," అంది తనూజ కళ్లు తెరవకుండానే. "లెక్కల్లో నాకే ఫస్టు."

"నిన్న ఎవరో డాక్టరుకి చూపించారంటమ్మా. ఇరవై నాలుగ్గంటల నొప్పేమోనండీ అని హాస్టల్లో వంటామె అడిగితే, అది కుడిపక్క వస్తది, ఎడంపక్క రాదు, ఇది గ్యాసు అని మాత్రలిచ్చి పంపేశాడంట. రాత్రి రెండుసార్లు కక్కింది. తెల్లారేసరికి నేను బాపట్ల పోయి రైల్లో పడేసి తీసుకొచ్చా."

అతను చెప్పులు కింద పెట్టబోయి, గది శుభ్రంగా ఉండటం చూసి చంకలో పెట్టుకున్నాడు.

యాస్మిన్ పిల్ల బరువు ఇరవై ఎనిమిది కేజీలని కాగితంలో చూసి, మిషనులో పిల్లల కొలత పెట్టింది. పెద్దవాళ్లకు వాడేదానిలో మూడో వంతు చాలు. ఒక్కసారే తియ్యాలి, పొట్ట వరకే తియ్యాలి. పసివాళ్ల ఒంట్లోకి ఎక్స్‌రే కిరణాలు ఎంత తక్కువ పోతే అంత మంచిదని ఆమెకు చదువుకున్న రోజుల్లో నూరిపోశారు. తర్వాత పేరు, వయసు, చివరికి అసలు సంగతి: తల ముందు లోపలికి పోతోందా, కాళ్లు ముందు పోతున్నాయా? ఆ ముక్క మిషనుకు మనిషే చెప్పాలి. తప్పు చెబితే అది నమ్మేసి, కుడిని ఎడమగా, ఎడమను కుడిగా గీసి పెడుతుంది. యాస్మిన్ 'తల ముందు' అని నొక్కింది. బల్ల దగ్గరికెళ్లి చూసింది. మళ్లీ తిరిగొచ్చి తెర చూసింది. మళ్లీ బల్ల చూసింది.

ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. పోయిన నెలలో ఒక ముసలాయన తల స్కానింగులో ఆ తప్పు చేసింది.

"తనూజా, ఇప్పుడు నరంలోకి మందు వెళ్తుంది. ఒళ్లంతా వెచ్చగా అవుతుంది. ఒంటేలు పోసుకున్నట్టు అనిపిస్తుంది కానీ పోసుకోవు. భయపడకు."

"నిజంగా పోసుకుంటే?"

"నేను తుడుస్తాలే."

నొప్పిలో కూడా పిల్ల పెదవి ఒక మూల కదిలింది. బల్ల మెల్లగా జరిగి, పిల్ల తల పెద్ద చక్రంలోంచి దూరి అవతలికి వచ్చింది. అటుపక్క గోడ మీద ఎప్పుడో అంటించిన రంగు చేప బొమ్మ ఉంది.

"అక్కా, ఈ చేపకి కన్ను లేదేంటి?"

"ఎవరో గీకేశారు. మాట్లాడకు. ఊపిరి బిగబట్టు."

*

బొమ్మలు ఒకదాని మీద ఒకటి తెర మీదికి దొర్లాయి. యాస్మిన్ మొదటి దాన్ని చూసి కళ్లు నులుముకుంది. రెండో దాన్ని చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది.

కాలేయం ఉండాల్సిన చోట జీర్ణాశయం ఉంది. జీర్ణాశయం ఉండాల్సిన చోట కాలేయం ఉంది. అద్దంలో చూసినట్టు అంతా అటుదిటు. కిందికి దొర్లిస్తూ పోయింది. అదిగో, ఎడమవైపు అడుగున, పెన్సిలంత సన్నగా ఉండాల్సిన గొట్టం బొటనవేలంత లావై, మధ్యలో బియ్యపు గింజంత తెల్లటి రాయి. చుట్టూ మసక. ఇరవై నాలుగ్గంటల నొప్పి తెచ్చే అపెండిక్సు, ఆ డాక్టరు రాదన్న ఎడమవైపే, పిల్ల చెయ్యి నొక్కి పెట్టిన చోటే కూర్చుని ఉంది.

యాస్మిన్‌కు కలిగింది సంతోషమో భయమో తెలియలేదు. ఒకటే తెలుసు: ఇది తన తప్పయినా కావాలి, లేకపోతే తను ఇంతవరకూ చూడనిదైనా కావాలి.

బొమ్మల్ని గుంటూరు పంపింది. అక్కడ డాక్టర్ వేదవ్యాస్ తన ఇంట్లో కూర్చుని నాలుగైదు ఊళ్ల స్కానింగులు చూసి రిపోర్టులు రాస్తాడు. రెండేళ్లుగా యాస్మిన్‌కు ఆయన గొంతే తెలుసు, మనిషిని చూసిందే లేదు. అయిదు నిమిషాల్లో ఫోను వచ్చింది.

"యాస్మిన్, మళ్లీ చేశావు."

"ఏంటండి సార్?"

"కాలేయం ఎటుందో చూడు. తలా కాళ్లూ తారుమారు కొట్టావు. పోయిన నెల నీకు ఏం చెప్పాను?"

"లేదండి. తల ముందే పెట్టానండి. మూడుసార్లు చూసుకున్నానండి."

"ముసలాయనప్పుడు కూడా ఇదే మాట చెప్పావు."

నిజమే. అప్పుడూ ఇంతే గట్టిగా చెప్పింది.

"సరే, అపెండిక్సు వాచిపోయి ఉంది, లోపల రాయి ఉంది. ఏ నిమిషమైనా పగలొచ్చు. నేనే బొమ్మ తిప్పుకుని రిపోర్టు రాసేస్తాను. నీకు అనుమానంగా ఉంటే ఇంకోసారి తీసి పంపు, రెండు నిమిషాల పని."

"ఇంకోసారి తియ్యనండి సార్. పసిపిల్ల."

"అయితే నా మాట విను."

"సార్... ఒకవేళ పాప లోపలే అలా ఉంటే?"

అవతల చిన్న నవ్వు. కోపం లేదు అందులో. అదే ఎక్కువ బాధపెట్టింది. "అలా పుట్టేవాళ్లు ఏ పదివేల మందికో ఒకరమ్మా. నువ్వు పొరపడింది పోయిన నెలే. రెండిట్లో ఏది జరిగి ఉంటుందో నువ్వే చెప్పు."

"పాప నొప్పి కూడా ఎడమవైపే అంటోందండి."

"అపెండిక్సు పొడుగైతే దాని కొస అటు దాకా పాకుతుంది. వాపు పొట్టంతా ఎక్కాక ఏ పక్క నొక్కినా నొప్పే. నేను మంగతాయారు గారితో మాట్లాడతాను."

ఫోను ఆగిపోయింది.

యాస్మిన్ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. పిల్లను బల్ల మీద ఎలా ఎక్కించింది? ముత్తయ్య భుజాలు పట్టుకున్నాడు, తను కాళ్లు. తల అటు. అటేనా? ఎన్నిసార్లు తలచుకుంటే అన్నిసార్లు ఆ జ్ఞాపకం పలచబడుతోంది. ఆయన అన్నది న్యాయంగానే ఉంది. అంత న్యాయంగా ఉంది కనుకనే, తనే తప్పు చేసి ఉంటుందని ఆమెకు తెలియకుండానే నమ్మకం కుదురుకుంటోంది.

చేప!

కళ్లు తెరిచింది. చేప చక్రానికి అవతలి గోడ మీద ఉంది. కాళ్లు ముందు పోయి ఉంటే పిల్ల తల ఇవతలే ఉండేది, చేప కంట పడేదే కాదు. మరి చేపకి కన్ను లేదేంటని ఎలా అడిగింది?

అంతలో ముత్తయ్య ఖాళీ చేతులతో వచ్చాడు. "పాపని పైకి చేర్చానమ్మా. గుంటూరు సారు మేడమ్ గారికి ఫోన్ చేశారంట. ఇరవై నాలుగ్గంటల నొప్పేనంట, కుడివైపంట. ఇప్పుడే తీసేస్తారంట. తిప్పేసిన బొమ్మ నువ్వు పంపావనీ... మరేంటో అన్నారులే," అని మిగతాది మింగేశాడు.

యాస్మిన్ లేచింది. చేప సంగతి చెబితే ఎవరు నమ్ముతారు? జ్వరంతో ఉన్న పిల్ల అన్న మాట, పోయిన నెల తప్పు చేసిన టెక్నీషియన్ విన్న మాట. తెర వంక చూసింది. అన్నిటికన్నా పై బొమ్మలో, ఊపిరితిత్తుల కింద, గుండె కొస కొంచెం కనబడుతోంది. అదీ అటే తిరిగి ఉంది.

"ముత్తయ్య మావా, మిషను చూస్తూ ఉండు," అని తలుపు తోసుకుని పరుగెత్తింది.

"నేనేం చూడనమ్మా దాన్ని!" అని వెనక నుంచి అతను అరుస్తూనే ఉన్నాడు.

*

లిఫ్టు కోసం ఆగలేదు. బల్లలు తోసుకెళ్లే వాలు దారిలో చున్నీ జారిపోతుంటే చంకలో కుక్కుకుని పైకి ఎక్కింది. ఆపరేషను గది ముందు ఆయా మస్తాన్ బీ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"చెప్పులే! చెప్పులతో ఎక్కడికే వచ్చేది?"

యాస్మిన్ చెప్పులు రెండూ రెండు దిక్కులకు విడిచేసి, ఆమె చేతి కిందుగా దూరింది. తనూజ ఆకుపచ్చ గౌనులో, బయటి గదిలోనే చక్రాల బల్ల మీద ఉంది. మత్తు ఇంకా ఇవ్వలేదు. లోపలి నుంచి ఇనుప సామాన్లు సర్దుతున్న చప్పుడు.

యాస్మిన్ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. చున్నీలో గబగబా రుద్దుకుని వేడి చేసుకుని, అరచెయ్యి పిల్ల ఛాతీ మీద ఎడమవైపు ఆనించింది. ఊపిరి పైకీ కిందికీ. అంతే. ఇంకేం లేదు. వేళ్లు కాస్త జరిపింది. ఏమీ లేదు. చెయ్యి తీసి కుడివైపు పెట్టింది.

తట్ట కింద మూసిన కోడిపిల్లలా కొట్టుకుంటోంది.

"ఏం చూస్తన్నావక్కా?" అంది తనూజ.

"నీ గుండె ఎటుందో చూస్తున్నా."

"అటుపక్క ఉండదుగా. ఇటే."

"నీకు తెలుసా?"

"పరిగెత్తొచ్చి పడుకుంటే తెలిసిపోద్ది కదా." పిల్ల ఆమె ముఖంలోకి అనుమానంగా చూసింది. "అందరికీ ఇటే కదక్కా?"

యాస్మిన్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "మేడమ్!" అని ఆ ఆస్పత్రిలో ఎవరూ ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది. "మంగతాయారు మేడమ్! ఒక్కసారి రండి!"

డాక్టర్ మంగతాయారు కడుక్కున్న చేతులు ముఖం ఎత్తున పైకి పెట్టుకుని వచ్చింది. మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇంక ఆ చేతులు దేన్నీ తాకకూడదు.

"ఏంటమ్మా ఈ గోల? పిల్ల భయపడదూ?"

"గుండె కుడివైపు కొట్టుకుంటోందండి. బొమ్మ తప్పు కాదండి. నేను తల ముందే పెట్టానండి. మీరే చెయ్యి పెట్టి చూడండి."

ఆవిడ తన తడి చేతుల వంక చూసుకుంది. మళ్లీ కడుక్కోవాలంటే అయిదు నిమిషాలు. లోపల మత్తు డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. ఒక్క క్షణం యాస్మిన్ ముఖంలోకి చూసింది. తర్వాత పైకెత్తిన చేతుల్లో కుడి చేతిని మెల్లగా దించి పిల్ల ఛాతీ మీద పెట్టింది. ముందు ఎడమ. తర్వాత కుడి.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"స్టెత్ ఇవ్వండి," అంది చాలా చిన్నగా. విన్నది. కుడివైపు విన్నది, ఎడమవైపు విన్నది, మళ్లీ కుడివైపుకు వచ్చింది. తల ఎత్తేసరికి ఆ యాభై అయిదేళ్ల మనిషి ముఖం మొదటి బహుమతి వచ్చిన బడిపిల్ల ముఖంలా ఉంది. "మస్తాన్ బీ, నా ఫోను తీసి గుంటూరు డాక్టరు గారికి కలిపి నా చెవి దగ్గర పెట్టు."

మస్తాన్ బీ ఫోను పట్టుకుంది.

"వ్యాస్ గారూ, బొమ్మ తిప్పకండి. అమ్మాయి తీసింది సరిగ్గానే ఉంది. పాపే తిరగబడి ఉంది."

అవతల బొమ్మలు మళ్లీ తిరగేస్తున్న మౌసు చప్పుడు.

"గుండె కూడానా?" అన్నాడాయన చివరికి.

"గుండె కూడా. నా చేతి కింద కొట్టుకుంటోంది."

తర్వాత అంతా పండగ ముందు ఇల్లు సర్దినట్టే అయింది. కుడివైపు పెట్టిన తెర ఎడమవైపుకు, ఎడమవైపున్న సామాను పళ్లెం కుడివైపుకు. నర్సులు ఒకరికొకరు తగులుకుంటూ "అటు కాదు, ఇటు" అంటూ నవ్వుకుంటూ తిరుగుతున్నారు. మంగతాయారు మళ్లీ చేతులు కడుక్కుంటూ కేక వేసింది: "యాస్మిన్, టోపీ, మాస్కు పెట్టుకుని లోపలికి రా. ఆ బొమ్మలు తెర మీద వేసి నిలబడు. ఇరవై ఆరేళ్ల నుంచి ఒకే పక్క అలవాటు పడిన చెయ్యి ఇది. నేను తికమక పడితే నువ్వు చెప్పాలి."

మూడు చిన్న చిల్లులు. అందులో ఒకదాంట్లోంచి సన్నటి కెమెరా. లోపలి లోకం తెర మీద ఎర్రగా వెలిగింది. మంగతాయారు చెయ్యి మొదటిసారి అలవాటుగా కుడికే పోయింది.

"ఇటు మేడమ్," అంది యాస్మిన్. "పేగు మలుపు వెనకాల. ఇంకొంచెం కిందికి."

"ఇక్కడా?"

"అక్కడేనండి."

కొక్కెం పేగును మెల్లగా పక్కకు జరిపింది. అది బయటపడింది. ఉబ్బి, మెరుస్తూ, కొస దగ్గర నల్లగా. పొర కాగితంలా పలచబడి ఉంది. దాన్ని కట్టి, కత్తిరించి, సంచిలో వేసి బయటికి లాగేదాకా గోడ గడియారం చప్పుడు ఒక్కటే వినిపించింది.

"పగల్లేదు," అంది మంగతాయారు. పెద్దగా నిట్టూర్చింది. "పగల్లేదే!"

గది అంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది.

చేతి తొడుగులు విప్పుకుంటూ ఆవిడ యాస్మిన్ పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "కెమెరా లోపలికి వెళ్లాక ఎలాగూ తెలిసేదేలే. కానీ అప్పటికే చిల్లులన్నీ తప్పు చోట పెట్టి ఉండేదాన్ని. అవి మళ్లీ పెట్టుకునే తొందరలో ఆ కాగితం చిరిగి ఉంటే?" తొడుగుల్ని చెత్తబుట్టలో వేసింది. "పొద్దున నేనూ స్టెత్ పొట్ట మీదే పెట్టాను యాస్మిన్. ఇంకో జానెడు పైకి పెట్టి ఉంటే సరిపోయేది."

బయట అంద్రెయ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముత్తయ్య సంగతంతా అప్పటికే అతనికి చెప్పేశాడు, కాస్త కలిపి కూడా.

"అది లోపమామ్మా?" అని అడిగాడు అంద్రెయ, యాస్మిన్ రాగానే. "అన్నీ అటుదిటు ఉన్నాయంటన్నారు."

"లోపం కాదన్నయ్యా. అన్నీ ఉన్నాయి, అన్నీ పనిచేస్తున్నాయి. వేరే పక్క ఉన్నాయంతే. ఇకమీదట ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఈ సంగతి చెప్పండి."

అతను తలూపాడు. చంకలోని చెప్పుల్ని అప్పుడే చూసుకున్నట్టు చూసి, జాగ్రత్తగా జతచేసి గోడ పక్కన పెట్టాడు.

*

సోమవారానికల్లా తనూజ ఆ ఆస్పత్రికి మహారాణి అయింది. పక్క వార్డుల నర్సులు ఒక్కొక్కరే వచ్చి "ఏదీ, ఒక్కసారి" అని ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి వెళ్లేవారు. మంగళవారానికి పిల్లకు విసుగొచ్చింది. చెయ్యి పెట్టాలంటే ముందు ఒక పదమూడో ఎక్కమో, పంతొమ్మిదో ఎక్కమో చెప్పాలని షరతు పెట్టింది. ముత్తయ్య పంతొమ్మిది దగ్గర చేతులెత్తేశాడు. చెరుకుపల్లి నుంచి వచ్చిన తల్లి మంచం పక్కన కూర్చుని ఈ చోద్యం చూస్తూ, మధ్యమధ్యలో తన చెయ్యి కూడా పెట్టి చూసుకునేది. హాస్టలుకు పోయేదాకా పక్కలో పడుకోబెట్టుకున్న పిల్ల.

బుధవారం మధ్యాహ్నం ఒక పెద్దమనిషి స్కానింగు గది తలుపు దగ్గర నిలబడ్డాడు. పొట్టిగా, బట్టతలతో, చొక్కా జేబులో మూడు కలాలతో.

"రోగి పేరు చెప్పండి సార్," అంది యాస్మిన్ తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"నేను రోగిని కాదమ్మా," అన్నాడాయన. ఆ గొంతు వినగానే యాస్మిన్ కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

డాక్టర్ వేదవ్యాస్ గది అంతా చూశాడు. మిషను చూశాడు, బల్ల చూశాడు. చక్రానికి అవతలి పక్కకు నడిచి వెళ్లి గోడ మీద కన్ను లేని చేప ముందు కాసేపు ఆగాడు. తనూజను అప్పటికే చూసి వచ్చినట్టుంది, "పదిహేడో ఎక్కం అడిగింది. పదిహేడు ఏడుల దగ్గర తప్పాను," అన్నాడు. ఆయన ముఖం మీద నవ్వు వచ్చి, నిలబడలేక పోయింది.

"ఇరవై రెండేళ్లుగా బొమ్మలు చూస్తున్నాను," అన్నాడు. "లక్ష దాటి ఉంటాయి. ఆ బొమ్మల్లోని మనిషిని చూడాలని ఇన్నాళ్లూ అనిపించలేదమ్మా."

యాస్మిన్ కుర్చీ ఆయన వైపు జరిపింది. "కూర్చోండి సార్. టీ తెప్పించమంటారా?"

"టీ తర్వాత. ఆ పాప రిపోర్టు తెరువు. నేను చెబుతాను, నువ్వు కొట్టు."

ఆయన నిలబడే చెప్పాడు. గుండె, కాలేయం, పేగులు అన్నీ అద్దంలోలా తారుమారై ఉన్నాయని. ఎడమవైపు అడుగున అపెండిక్సు వాచి, రాయి అడ్డుపడి ఉందని. యాస్మిన్ వేళ్లు చకచకా నడిచాయి. రోజూ రిపోర్టుల్లో చదివే మాటలే.

"ఇప్పుడు కొత్త వాక్యం," అన్నాడాయన. గొంతు సవరించుకున్నాడు. "బొమ్మల దిశ తప్పని రిపోర్టు రాసేవారు మొదట పొరబడ్డారు."

వేళ్లు ఆగాయి. "అది ఎందుకులెండి సార్..."

"కొట్టమ్మా. దిశ సరైనదేనని, రోగి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి నిర్ధారించినది టెక్నీషియన్..." అని ఆగి, "నీ పేరు రాయి," అన్నాడు.

రిపోర్టుల్లో ఆ పేరు ఎప్పుడూ ఉండదు. రోగి పేరు ఉంటుంది, పంపిన డాక్టరు పేరు ఉంటుంది, చదివిన డాక్టరు పేరు ఉంటుంది. యాస్మిన్ మీటల వంక చూసింది. రెండేళ్లలో వేలమంది పేర్లు, ఎంత పొడుగు ఇంటిపేర్లయినా, తప్పు లేకుండా కొట్టిన వేళ్లు అవి. కొట్టింది. రిపోర్టు అచ్చు తీసే మీట నొక్కబోయింది.

వేదవ్యాస్ ఆమె భుజం మీదుగా వంగి తెర వంక చూశాడు.

"ఆగాగు," అన్నాడు. "నీ పేరు చివర ఒక అక్షరం పోయింది. సరిగ్గా రాయి."